తాళము పగిలిన తరువాత

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 35 మంది అటార్నీ జనరలులకును, హ్యుండై, కియా అను కొరియా దేశపు మోటారు కంపెనీలకును నడుమ కుదిరిన యొడంబడిక 2025 డిసెంబరు మాసమున వెల్లడియైనది. మిన్నెసోటా రాష్ట్రపు అటార్నీ జనరలు కీత్ ఎల్లిసన్ ఈ వ్యవహారమును నడపినవారిలో ముఖ్యుడు. ఒడంబడికలోని ప్రధానాంశము చూపునకు అత్యల్పము. కారు నడుపువాడు తాళముచెవి దూర్చు గొట్టము చుట్టును జింకుతో గట్టిపఱచిన యొక లోహకవచమును కంపెనీలు ఉచితముగ బిగించి యియ్యవలెను. ఇకమీదట ఆ దేశమున విక్రయించు బండ్ల కన్నిటికిని ఇమ్మొబిలైజరు అను రక్షణసాధనమును అమర్పవలెను. పిడికిటిలో నిముడు లోహఖండము కొఱకు 35 ప్రభుత్వముల న్యాయాధికారులు ఏకము కావలసివచ్చుట వింతగా దోచవచ్చును. కాని ఈ వింత వెనుక నెనిమిది నిండుప్రాణములు, లక్షలకొలది కుటుంబముల నష్టము, ఒక శాసనలోపము, ఒక వ్యాపారనీతి దాగియున్నవి. మన దేశమున మోటారు బండి కలవాని కెల్ల సంబంధించిన ప్రశ్న యొకటియు నందు గలదు. బండి నాదైనచో దాని తాళముచెవి యెవరిది? తాళము పగిలిన తరువాత దానిని బాగుచేయించుకొను స్వాతంత్ర్యము నాకున్నదా, లేదా?

తాళము కథ

తొలినాటి మోటారు బండికి దొంగభయము తక్కువ. ముందు నిలిచి ఇనుపపిడిని బలముకొలది త్రిప్పినగాని ఇంజను లేచెడిది కాదు. 1912 నమూనా కాడిలాక్ బండికి చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్తుతో ఇంజనును లేపు సాధనమును కల్పించినది మొదలు ఆ శ్రమ తప్పినది. 1949లో క్రైస్లరు కంపెనీ తాళముచెవిని త్రిప్పినంతనే ఇంజను లేచు ఏర్పాటును తన బండ్లకు దెచ్చినది. సౌకర్యము యజమానునికి గలిగిన కొలది దొంగకును గలిగినది. తాళపు గొట్టమును పెకలించి లోపలి మీటను త్రిప్పగలిగినవానికి బండి స్వాధీనమగుచుండెను. 1970 నాటికి అమెరికాలో స్టీరింగును బిగబట్టు తాళములు వచ్చినవి. అవియు లోహముచే లోహమును నిరోధించునవియే గనుక బలవంతుని యెదుట నిలువవయ్యెను.

అప్పుడు పుట్టినది ఇమ్మొబిలైజరు. 1986లో జనరల్ మోటార్సువారు కార్వెట్టు బండి తాళముచెవిలో విద్యుత్తు నడ్డగించు చిన్న గుళిక నొకటి పొదిగిరి. పదునైదు తరగతుల గుళికలలో ఆ బండికి నియమితమైనది కానిచో ఇంజను లేవదు. 1990 ప్రాంతపు దశాబ్దమున నింతకంటె సూక్ష్మమైన పద్ధతి వచ్చినది. తాళముచెవి తలలో గోధుమగింజ కంటె కొంచెము పెద్దదగు చిప్పు ఉండును. దానికి బ్యాటరీ లేదు. తాళపు గొట్టము చుట్టు నమర్చిన తీగచుట్ట నుండి వెలువడు తరంగములే దానికి ప్రాణము పోయును. ప్రాణము పోసికొనిన చిప్పు తన రహస్యాంకమును బండిలోని కంప్యూటరునకు విన్నవించును. తరువాతి పద్ధతులలో కంప్యూటరు ప్రతిమాఱు క్రొత్త ప్రశ్న వేయును; చిప్పు దానికి సరియైన ప్రత్యుత్తర మీయవలెను. ప్రత్యుత్తరము సరిపడినగాని ఇంధనమును, నిప్పురవ్వయు ఇంజనునకు చేరవు. దొంగ తాళమును పగులగొట్టవచ్చును, మీటను త్రిప్పవచ్చును. ఇంజను మాత్రము మాటాడదు.

ఈ సాధనముయొక్క ఫలమును గూర్చి సందేహమునకు తావు లేదు. ఐరోపా సమాజము 1995లో నొక ఆదేశమును జేసి, 1998 అక్టోబరు నుండి క్రొత్త కార్లకెల్ల నిమ్మొబిలైజరును నిర్బంధము చేసినది. నెదర్లాండ్సు దేశపు లెక్కలను పరిశోధించిన యిరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు, 1995 మొదలు 2008 వఱకు గల కాలమున ఈ నియమమువలన కారు దొంగతనములు సగటున నూటికి 40 వంతులు తగ్గినవని తేల్చిరి. కెనడా ప్రభుత్వము 2007 సెప్టెంబరు నుండి క్రొత్త బండ్లకు దీనిని విధించినది. ఆ దేశమున మానిటోబా రాష్ట్రము ఇంకను ముందుకుబోయి, దొంగలు మిక్కిలిగ నాశించు పాతబండ్లకు సైతము ఇమ్మొబిలైజరును బిగించు ఏర్పాటు చేసినది.

గొళ్ళెము మఱచిన ఫలము

అమెరికా సంయుక్త రాష్ట్రములు మాత్ర మీ నియమమును చేయలేదు. తాళముచెవి తీసినపిమ్మట ఇంజను మామూలుగ లేవరాదనియు, స్టీరింగుగాని బండి నడకగాని నిరోధింపబడవలెననియు అచ్చటి మోటారు భద్రతాప్రమాణము చెప్పునేగాని, ఇమ్మొబిలైజరు ఉండితీరవలెనని చెప్పదు. శాసనము విధింపకున్నను తక్కిన కంపెనీలు చాలవఱకు తమంతట తామే దానిని అమర్చుకొనినవి. భీమా కంపెనీల పరిశోధనసంస్థ యొకటి ప్రకటించిన లెక్క గమనింపదగినది: 2015వ సంవత్సరపు నమూనాలలో ఇతర కంపెనీల బండ్లలో నూటికి 96కు ఇమ్మొబిలైజరు సహజముగ నుండగా, హ్యుండై, కియా బండ్లలో నూటికి 26కు మాత్రమే యున్నది. ఐరోపాలో శాసనము గలదు గనుక అచ్చటి కమ్మినవానికి అమర్చిరి. ఇచ్చట శాసనము లేదు గనుక మానుకొనిరి. సరకు ఒకటే, కంపెనీ ఒకటే. కొనువాని రక్షణ మాత్రము దేశపు చట్టమునుబట్టి మాఱినది. తాళము వేసి గొళ్ళెము మఱచుట పొరపాటుననైన జరుగవచ్చును. గొళ్ళెము వెల మిగుల్చుకొనుటకై మఱచుట పొరపాటు గాదు.

ఫలము 2021 వేసవిలో మిల్వాకీ నగరమున బయటపడినది. ఆ యేట అచ్చట దొంగిలింపబడిన బండ్లలో మిక్కిలి పాలు ఈ రెండు కంపెనీలవే. 2022లో ఈ దొంగతనపు తెఱగును చూపు చలనచిత్రములు టిక్‌టాక్ మొదలగు సాధనములద్వారా దేశమంతట వ్యాపించినవి. గడ్డము మొలవని పిల్లవాండ్రు సైతము సరదాకై బండ్లను తోలుకొనిపోయి గోడలకు గ్రుద్దిరి. 2023 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ రహదారి భద్రతాసంస్థ ఈ దొంగతనముల మూలమున కనీసము 14 ప్రమాదములును, ఎనిమిది మరణములును సంభవించినట్లు ప్రకటించినది. లోపము గల బండ్ల సంఖ్య హ్యుండై 38 లక్షలు, కియా 45 లక్షలు, వెరసి 83 లక్షలని నాడే తేలినది. కొన్ని భీమా కంపెనీలు కొన్ని నగరములలో నీ బండ్లకు క్రొత్తగ భీమా చేయుటయే మానివేసినవి.

దొంగలు పడిన యాఱునెలలకు కుక్కలు మొఱిగిన సామెత యిచ్చట ఏండ్లకు పెరిగినది. అప్పు డధికారులు ఏమి చేసిరి? 2023 ఏప్రిలులో పలు రాష్ట్రముల అటార్నీ జనరలులు ఈ బండ్ల నన్నింటిని వెనుకకు రప్పించి సరిచేయింపుడని కేంద్రసంస్థను కోరిరి. దొంగతనము నేరస్థుని చేష్ట యనియు, ఇంతవఱకు దీనిని భద్రతాలోపముగ గాని, ప్రమాణభంగముగ గాని తాము నిర్ణయింపలేదనియు ఆ సంస్థ సమాధానమిచ్చినది. అక్షరములనుబట్టి చూచిన నీ సమాధానము తప్పుకాదు. ప్రమాణమే ఇమ్మొబిలైజరును కోరనపుడు దానిని మీఱుట యెట్లు సంభవించును? కాని శాసనాక్షరములకు లొంగినంత మాత్రమున కర్తవ్యము తీరునను వాదము వ్యాపారికి చెల్లునేమో గాని ప్రజారక్షకులకు చెల్లదు. గాదె తలుపు గట్టిదే, గడియ మాత్రము లేదనినచో ధాన్యము దక్కునా?

సాఫ్టువేరు చేసినది, చేయలేనిది

కంపెనీలు 2023లో నొక సాఫ్టువేరు మార్పును ఉచితముగ నిచ్చుటకు పూనుకొనినవి. బండిని రిమోటు మీటతో మూసినచో, మరల నా మీటతో తెఱచువఱకు ఇంజను లేవదు. హెచ్చరిక మ్రోత 30 సెకండ్లకు బదులు ఒక నిమిషము మ్రోగును. కొన్ని నమూనాలకు ఈ మార్పు పొసగలేదు. అదే యేడు మే నెలలో యజమానుల దావాలను సుమారు 20 కోట్ల డాలర్లకు పరిష్కరించుకొనుటకు కంపెనీలు ఒప్పుకొనినవి.

ఈ మార్పు ఫలితము లెస్సగ విచారింపదగినది. మున్ను చెప్పిన భీమా పరిశోధనసంస్థ 2024లో ప్రకటించిన లెక్కలనుబట్టి, సాఫ్టువేరు మార్చిన బండ్లపై దొంగతనపు భీమా కోర్కెలు నూటికి 53 వంతులు తగ్గినవి. కాని విధ్వంసపు కోర్కెలు నూటికి 61 వంతులు హెచ్చినవి! ఇందలి మర్మము సులభము. దొంగకు సాఫ్టువేరు కనబడదు. అద్దము కనబడును, స్టీరింగు క్రింది మూత కనబడును. అతడు అద్దము పగులగొట్టును, మూత నూడబెఱుకును, తాళపు గొట్టమును ధ్వంసము చేయును. ఇంజను లేవకుండుట నప్పుడు గ్రహించి పోవును. బండి దక్కినదని యజమానుడు సంతసించునంతలో మరమ్మతు ఖర్చు మీద పడును. 2025 నాటి జింకు కవచము ఈ యనుభవమునుండి పుట్టినది. గుప్తమైన రక్షణ దొంగను ఓడించునేగాని దూరము చేయదు. కంటికి, చేతికి అడ్డు తగులునది కూడ నుండవలెను. ఆ కవచమును 2023లోనే అందఱికి నిచ్చియున్నచో ఎన్ని తాళములు పగులకుండెడివి!

డాలసు, చికాగో, న్యూజెర్సీ ప్రాంతముల మన తెలుగుబిడ్డలు వేలకొలది చదువుచు, ఉద్యోగములు చేయుచున్నారు. క్రొత్తగ పోయినవారు చౌకవెలకు పాతబండి కొనుట సామాన్యము. అట్టివారు కొన్న బండి 2011 మొదలు 2022 వఱకు గల నమూనాలలో, తాళముచెవి త్రిప్పి లేపు రకమైనచో, దానికి సాఫ్టువేరు మార్పు జరిగినదా, కవచము పొందు అర్హత గలదా యని డీలరు నడిగి తెలిసికొనుట మేలు. పూర్వపు యజమానుడు చేయించుకొనెనో లేదో వారికి తెలియదు గదా.

మరమ్మతు క్రమము

ఇంతవఱకు శాసనకర్తల మాట. ఇక తెల్లవాఱి లేచి చూచునప్పటికి బండి తాళము పగిలియుండ దిగ్భ్రాంతుడగు యజమానుని మాట. అద్దము పోయినది, తాళము పోయినది. అంతకు మించి బాధపెట్టునది, ఏమి చేయవలెనో తెలియనితనము. ఈ యజ్ఞానముపైననే పెక్కు లాభములు పండుచున్నవి గనుక క్రమమును కొంచెము వివరించుట యుక్తమని తలంచుచున్నాము.

మొట్టమొదట దేనినిగాని కదలింపక, చెడిన భాగముల ఛాయాచిత్రములు తీయించి, పోలీసులకు వ్రాతమూలకముగ దెలిపి, వెంటనే భీమా కంపెనీకి వార్త పంపవలెను. మన దేశమున కేవలము ఇతరుల నష్టమునకు చేసిన భీమా యిట్టి సందర్భమున నక్కరకు రాదు. స్వంత నష్టమునకును చేసిన భీమా యుండవలెను. బండియే పోయినచో భీమావారు సాధారణముగ రెండు తాళముచెవులను అడుగుదురు. కావున రెండవ చెవిని బండిలోనే దాచువారు తమ గొయ్యి తామే త్రవ్వుకొనువారు. పోలీసులకు తక్షణమే ఫిర్యాదు చేసి, భీమావారికి తెలుపుటలో మాత్రము జాగైనచో, ఆ యొక్క కారణమున కోర్కెను త్రోసివేయరాదని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2020 జనవరిలో తీర్పు చెప్పినది. జాగుపేరిట తిరస్కృతులైనవారు దీనిని స్మరింపవలెను.

రెండవది, యంత్రభాగముల పని. స్టీరింగు స్తంభముపై పని చేయుటకు ముందు బ్యాటరీని విప్పి, కంపెనీ పుస్తకములో చెప్పినంతసేపు ఆగవలెను. స్టీరింగులోని గాలిసంచి హఠాత్తుగ పేలిన పనివానికి ప్రాణాపాయము. పిదప పగిలిన మూత, తాళపు గొట్టము, దాని వెనుకనుండు విద్యుత్ స్విచ్చి, స్టీరింగును బిగబట్టు కడ్డీ, తీగచుట్ట, తీగలు, వీనిని వేర్వేరుగ పరీక్షింపవలెను. అన్నియు నొకటే యని తలంచి అన్నింటిని మార్చుట కొందఱి యలవాటు. స్తంభమునకు తాళమును పట్టించు మరలు కొన్ని బండ్లలో బిగించునప్పుడే తలలు తెగిపోవునట్లు చేయబడియుండును. వీనిని తొలిచి తీయవలెను గనుక ఈ పనికి కాలమును, నేర్పును కావలెను. కూలి యధికమని ప్రతిసారి మెకానిక్కును నిందింపరాదు. స్టీరింగు కడ్డీ సరిగ లేనిచో బండి పోవుచుండగనే బిగియవచ్చును. తక్కిన వానిలో పొదుపు చేసినను దీనిలో పొదుపు పనికిరాదు.

క్రొత్త తాళపు గొట్టమును వేయుట రెండు విధములు. క్రొత్త చెవితో క్రొత్త గొట్టము వేసినచో తలుపులకొక చెవి, ఇంజనుకొక చెవి యగును. గొట్టములోని పలుకలను పాతచెవికి సరిపడునట్లు అమర్చినచో ఒకే చెవి చాలును. ఈ రెండవ పని మంచి తాళముల పనివానికి తెలిసినదే.

మూడవది, ఇమ్మొబిలైజరు. ఇచ్చటనే సామాన్యుడు భ్రమపడును. రహస్యాంకము లోహపు గొట్టములో లేదు. చెవిలోని చిప్పునందును, బండి కంప్యూటరునందును ఉన్నది. కావున దొంగ తాళపు గొట్టమును మాత్రమే పగులగొట్టి, యజమానుని చెవులు యజమానునియొద్దనే యున్నచో, సామాన్యముగ కంప్యూటరును మార్చవలసిన పని లేదు. పాతచెవి చిప్పు తీగచుట్టకు చేరువనున్నచో బండి దానిని గుర్తించును. గొట్టము మార్చిన తరువాత ఇంజను లేవక, తాళముచెవి గుర్తుగల దీపము మినుకుమినుకు మనుచున్నచో మొదట చూడవలసినది తీగచుట్ట అమరిక, తీగల తెగుదల. వీనిని చూడకయే కంప్యూటరు పోయినదని చెప్పువాని మాట నమ్మరాదు. మారుగ దొంగచేతికి చెవియే చిక్కియున్నచో క్రొత్తచెవిని చేర్చినంతమాత్రమున రక్షణ కలుగదు. బండి జ్ఞాపకమునుండి పాత చెవుల నన్నింటిని తుడిచివేసి, చేతనున్నవానిని మాత్రమే మరల నెక్కింపవలెను. లేనిచో దొంగ మఱొకనాడు వచ్చి, శ్రమలేకయే, తన చెవితో బండిని తోలుకొనిపోవును. కంప్యూటరునే దొంగ పాడుచేసినచో వేఱొకబండినుండి తెచ్చి పెట్టిన పాతది ఊరక పనిచేయదు. దానిని ఈ బండికిని, ఈ చెవులకును జత కలుపవలెను. అసలే ఇమ్మొబిలైజరు లేని అమెరికా బండ్లలో జత కలుపవలసినది లేదు; అచ్చటి మరమ్మతు లోహపు పని మాత్రమే.

తాళముచెవి యెవరిది?

ఈ జత కలుపు పని యెవరు చేయగలరు? ప్రస్తుత వివాదమంతయు నిందున్నది. లోహపు తాళమును ఊరి పనివాడు బాగుచేయును. రహస్యాంకము మాత్రము కంపెనీ చేతిలో నున్నది. కంపెనీ యంత్రము, కంపెనీ కంప్యూటరు, కంపెనీ యనుమతి లేనిదే క్రొత్తచెవి పుట్టదు. దొంగ చేసిన నష్టమునకు తోడు, పట్టణములోని డీలరు చెప్పినదే వెలయగుట గోరుచుట్టుపై రోకటిపోటు. తాలూకా గ్రామమున బండి చెడినవాడు దానిని లారీపై నెక్కించి పట్టణమునకు తోలుకొనిపోవలసివచ్చును. తరతరములుగ విద్య నభ్యసించిన మన మెకానిక్కులు పనితనము లేక కాదు, సమాచారము లేక చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చును.

మన దేశమున ఈ విషయము క్రొత్తది కాదు. విడిభాగములను, పరీక్షాయంత్రములను, మరమ్మతు పుస్తకములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట పోటీధర్మమునకు విరుద్ధమని భారత పోటీ సంఘము 2014 ఆగష్టులో తీర్పు చెప్పి, 14 మోటారు కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జుల్మానా విధించినది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి యొక సంఘమును నియమించి, వ్యవసాయ యంత్రములతో పాటు మోటారు బండ్లను సైతము దాని విచారణలో చేర్చినది, ఆ యేడు డిసెంబరులో నొక పోర్టలును ప్రారంభించినది. పోర్టలు మంచిదే. కాని కంపెనీ దయదలచి యిచ్చిన సమాచారము హక్కు కానేరదు. ట్రాక్టరు చెడి అదను తప్పిన రైతు, తాళము పగిలి పని తప్పిన పట్టణవాసి యొకే గొళ్ళెమునకు కట్టుబడియున్నారు.

కంపెనీల ప్రతివాదమును తేలికగ త్రోసివేయజాలము. ‘రహస్యము నందఱికి చెప్పినచో దొంగయు నందఱిలో నొకడే గదా’ యని వారందురు. ఇందు సత్యాంశ మున్నది. అయినను రహస్యమే రక్షణయను భ్రమను చరిత్ర పలుమాఱులు భంగపఱచినది. విరివిగ వాడుకలోనున్న యొక చిప్పు గుప్తలిపిని 2005లో జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయ పరిశోధకులు మఱికొందఱితో కలిసి ఛేదించిరి. మెగామాస్ అను మఱొక చిప్పు లోపమును కనుగొనిన పండితుల వ్యాసమును 2013లో ఇంగ్లండు హైకోర్టు ఉత్తరువు నిలిపివేసినది. రెండేండ్ల తరువాత 2015లో గాని అది వెలుగుచూడలేదు. వ్యాసమును నిలుపవచ్చును, లోపమును నిలుపుటకు కోర్టు ఉత్తరువు చాలదు. పండితుని నోరు మూయించినంత మాత్రమున దొంగచేతులు కట్టుపడవు.

మధ్యేమార్గము లేకపోలేదు. అమెరికాలో తాళముల పనివారిని, మెకానిక్కులను పూర్వచరిత్ర విచారించి నమోదు చేసి, నమోదైనవారికి మాత్రమే తాళపు సంకేతముల నిచ్చు పట్టిక యొకటి అమలులో నున్నది. ఎవరు, ఎప్పుడు, ఏ బండికి సంకేతమును పొందిరో అందు నమోదగును. ఐరోపా సమాఖ్యయు 2021లో చేసిన నిబంధన ననుసరించి, దొంగతన నివారణకు సంబంధించిన మరమ్మతు సమాచారమును పరీక్షింపబడిన స్వతంత్ర పనివారికి అందఁజేయు ఏర్పాటు చేసికొనినది. తలుపు నందఱికి తెఱచుటయు, ఒక్కనికే యిచ్చుటయు గాక, విశ్వాసపాత్రులను గుర్తించి వారికి చెవి నిచ్చి, ఆ చెవి వాడుకకు లెక్క వ్రాయుట ఈ పద్ధతి. మన గ్రామములలో కరణము వ్రాసిన లెక్క యుండగా, పొలపుగట్టు తగవు తీరినట్లే, సంకేతముల లెక్క యుండగా దొంగపనివాడు దాగజాలడు.

మన కర్తవ్యము

కియా కంపెనీ కర్మాగారము మన రాయలసీమలో పెనుకొండ చెంత 2019 నుండి బండ్లు చేయుచున్నది. అమెరికాలో బయటపడిన లోపము అచ్చట నమ్మిన బండ్లకు సంబంధించినది; దానిని పెనుకొండ బండ్లకు అంటగట్టుట న్యాయము గాదు. అయినను మన నేలపై, మన నీటితో, మన బిడ్డల చేతులతో బండ్లు తయారగుచుండగా, వాని రక్షణయు, మరమ్మతును గూర్చి యడుగు అధికారము మనకు ద్విగుణమైనది. అమెరికాలో జరిగినదానినుండి మనము నేర్వవలసిన పాఠములు మూడని మా యభిప్రాయము.

ఒకటి: రక్షణ వ్యాపారి యిష్టమునకు విడువరానిది. చౌక నమూనా కొనిన పేదవాని బండికిని, ఖరీదైనది కొనిన ధనికుని బండికిని ఇమ్మొబిలైజరు సమానముగ నుండవలెను. దొంగ పేదవానిని విడిచిపెట్టడు; పోయినది తిరిగి కొనజాలనివాడు పేదవాడే. రెండు: లోపము బయటపడిన దినముననే కంటికి కనబడు రక్షణను, కనబడని రక్షణను కలిపి యియ్యవలెను. సగము మందు రోగమును సగము తగ్గించి మఱొక రోగమును పుట్టించునని 53, 61 అను రెండంకెలు చెప్పుచున్నవి. మూడు: నమోదైన స్వతంత్ర మెకానిక్కులకు తాళపు సంకేతములు, పరీక్షాయంత్రములు న్యాయమైన వెలకు లభించునట్లు శాసనము కావలెను. 2014 నాటి తీర్పు, 2022 నాటి సంఘము దారి చూపినవి. దారి చూచుచు కూర్చుండిన ఊరు రాదు.

యజమానులకును కర్తవ్యము గలదు. రెండవ చెవిని ఇంట భద్రపఱచుట, పాతబండి కొనునప్పుడు చెవు లెన్ని యుండెనో విచారించి లేనివానిని జ్ఞాపకమునుండి తుడిపించుట, మార్చిన భాగములకు బిల్లును, తీసిన పాత భాగములను అడిగి పుచ్చుకొనుట, ఇవి ఖర్చులేని జాగ్రత్తలు. పాత భాగమును చూపుమని యడుగు యజమానుని యెదుట అనవసరపు మార్పు చేయ సాహసించువారు తక్కువ.

దొంగ తాళమును ఒకమాఱు పగులగొట్టును. పగిలిన తాళమును స్వేచ్ఛగ బాగుచేయించుకొననీయని కట్టుబాటు, ఆ నష్టమును బండి యున్నంతకాలము సాగించును. మొదటివానిని పట్టుటకు పోలీసులున్నారు. రెండవదానిని సడలించుటకు శాసనసభ్యులు పూనుకొనవలెను. వారు పూనుకొనునట్లు ప్రజలు అడుగవలెను. వెలయిచ్చి కొనినవానిదే బండి యైనచో దాని తాళముచెవియు వానిదే కావలెను.